ఓడ మీద వంటావార్పు

కోరుట్ల బస్టాండు దగ్గర నిలబడి "యాదగిరి ఇల్లెక్కడ?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ పేరున్నవాళ్లు గల్లీకొకరున్నారు. "ఓడ మీద పొయ్యి పెట్టినాయన" అని అడగండి. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి మరీ దారి చూపిస్తాడు. కొందరు చూపిస్తూ ముసిముసిగా నవ్వుతారు కూడా. నవ్వనివ్వండి. సముద్రం మొహం చూడని ఊరి నుంచి వెళ్లి, సముద్రం మీద సమ్మె చేసి వచ్చినవాడు మన వైపు ఇంకొకడు ఉంటే చూపించమనండి. అప్పుడు మాట్లాడుకుందాం.

యాదగిరి పుట్టింది కొడిమ్యాలలో, కల్లు గీసే ఇంట్లో. తండ్రి శంకరయ్య పొద్దున్నే మోకు భుజాన వేసుకొని వనానికి పోయేవాడు. మోకంటే తాడిచెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకొని ఎక్కే తాడు. గీసేవాడి ప్రాణం దాని ముడిలో ఉంటుంది. శంకరయ్యకు ఒక పద్ధతి ఉండేది. చెట్టు తలకు చేరాక, కత్తి ఆడించబోయే ముందు, ప్రతిసారీ కిందికి వంగి "కిందెవలున్నరు? జరుగుండ్రి!" అని కేక వేసేవాడు. కుక్క కూడా తిరగని మిట్టమధ్యాహ్నమైనా సరే, ఆ కేక వేయందే ఒక్క పెచ్చు రాల్చేవాడు కాదు.

పక్క చెట్టు మీద ఎక్కడం నేర్చుకుంటున్న యాదగిరికి ఇది నవ్వులాటగా ఉండేది. "ఎవలు లేరు గద నాయినా, ఎవలికి చెప్తున్నవ్?" అని ఒకనాడు అడిగాడు.

"లేరని నీకెట్ల తెల్సురా? కొమ్మలడ్డముంటయ్. పైనున్నోనికి కింద సగమే కనవడ్తది. కనవడని సగానికి చెప్తున్న" అన్నాడు శంకరయ్య.

ఆ మాట కొడుక్కి అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి అతను తాడిచెట్టు మీద లేడు, ఓడ పొగగొట్టం మీద ఉన్నాడు.

ఆ దారి మధ్యలో సిరిసిల్ల ఉంది. చెట్లు తగ్గిపోయి, ఉన్నవి అన్నదమ్ముల వంతులకు చాలక, యాదగిరి సిరిసిల్ల వెళ్లి సాంచెల మీద పనికి కుదిరాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. సాయవ్వ అనే పెద్దామె ఇంటి ముందరి గదిలో నాలుగు సాంచెలు ఆడేవి. నేసేదంతా తెల్లగుడ్డ. ఆమెకు ఆ తెలుపంటే ప్రాణం. చేతికి నూనె మరకతో ఎవడైనా గుడ్డ తాను దగ్గరికొస్తే ఆమె తిట్టే తిట్లు రాస్తే ఈ కాగితం నల్లబడుతుంది. ఒకనాడు పక్క కార్ఖానా గొట్టం నుంచి మసి రేగి, విప్పి ఆరేసిన గుడ్డ మీద నల్లచుక్కలు పడ్డాయి. సాయవ్వ తిట్టలేదు. గుడ్డను ఒళ్లో వేసుకొని కూర్చుండిపోయింది.

"పురిటి బిడ్డ అసొంటి గుడ్డ కొడుకా. ఎవడో మొఖం మీద ఉమ్మేసి పోయిండు" అంది చాలాసేపటికి.

తిట్టేవాళ్లు తిట్టకుండా కూర్చుంటే ఎంత భయంగా ఉంటుందో యాదగిరికి ఆనాడు తెలిసింది.

తర్వాత కోరుట్ల పిల్ల భాగ్యతో పెళ్లయి అక్కడికే మారాడు. భాగ్య బీడీలు చుడుతుంది. ఆకు కత్తిరించే కత్తెర ఒకటి చేతిలో, ఇంకొకటి నోట్లో ఉంటుందని వాడకట్టులో పేరు. కూతురు అమృత పుట్టాక ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచాయి. కప్పు పడలేదు. కప్పు కోసం మొగవాళ్లు గల్ఫ్‌కు పోవడం మా వైపు కొత్త సంగతేం కాదు, యాదగిరీ పోయాడు. పోతూ పోతూ సూట్‌కేసులో తండ్రి మోకు పెట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టులో తనిఖీవాళ్లు దాన్ని బయటికి లాగి, ఇదేం తాడు, ఉరేసుకోవడానికా అని అడిగారు. "కాదు సార్, అన్నం పెట్టే తాడు" అన్నాడు. ఏమనుకున్నారో ఏమో, మడిచి మళ్లీ లోపల పెట్టారు.

అక్కడ మొదట ఓడలు మరమ్మతు చేసే చోట కూలిపని. మరమ్మతుకొచ్చిన ఒక సరుకు ఓడవాళ్లు ఇతని పనితనం చూసి ఇంజన్ గదిలోకి తీసుకున్నారు. పని పేరు తేల్‌వాలా, అంటే యంత్రాలకు నూనె పెట్టేవాడు. ఆ ఓడ పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. యాదగిరే వద్దన్నాడు. "ఓడదేం తప్పు? అది నడిపినట్టు నడుస్తది" అంటాడు.

ఓడ తాగే నూనె చూసి అతను మొదట నమ్మలేదు. పెట్రోలు, డీజిలు అన్నీ పిండుకోగా అడుగున మిగిలే చిక్కటి మడ్డి అది. రోడ్డు మీద పోసే తారుకు అన్నదమ్ములాంటిది. వేడి చేస్తే గాని పారదు, కాలితే గంధకం వాసన గొంతు పట్టుకుంటుంది. కోరుట్ల బజార్లో దొరికే చైనా టార్చిలైటు నుంచి రంజాన్ ఖర్జూరం దాకా అన్నీ ఆ మడ్డి కాల్చే ఓడల మీదే వస్తాయి మరి. ఓడలో మూడో ఇంజనీరును అందరూ తీన్ సాబ్ అంటారు. ఆయన మంచివాడు, ఖాళీగా ఉన్నప్పుడు వివరంగా చెప్పేవాడు. "లెక్కలేనన్ని లారీలు మోసే బరువు ఓడ ఒక్కటే మోస్తుంది యాదగిరీ, ఆ లెక్కన ఓడ నయమే. అయితే నడిసముద్రంలో వదిలే పొగ వేరు, ఊరి పక్కన కట్టేసి వదిలే పొగ వేరు. అందుకే యూరప్ రేవుల్లో కట్టేసినంతసేపూ గంధకం తీసేసిన శుభ్రమైన నూనె కాల్చాలని కొత్త చట్టం పెట్టారు" అన్నాడు ఒకసారి. చట్టం కాగితం ఇంజన్ గదిలో అతికించి కూడా ఉంది. పాటించేవాళ్లకు అది చట్టం, ఎగ్గొట్టేవాళ్లకు గోడ మీది రంగు.

పొగగొట్టానికి రంగు వేయాలంటే యాదగిరినే పిలిచేవాళ్లు. మిగతావాళ్లు నిచ్చెనలు, పరంజీలు కట్టుకుంటుంటే ఇతను దాని పక్కనున్న సన్నటి నిలువు పైపుకు మోకు చుట్టి, గబగబా పైకి పాకి, అలవాటుగా కిందికి వంగి "కిందెవలున్నరు? జరుగుండ్రి!" అని అరిచేవాడు. ఓడ మీద ఆ భాష తెలిసినవాడు ఒక్కడూ లేడు. అయినా కొన్నాళ్లకు ఆ కేక వినగానే అందరూ పక్కకు జరగడం నేర్చుకున్నారు. వంటవాడు భండారీ, రత్నగిరి వైపు ముసలాయన, ఆ కేకను తన యాసలో అనుకరిస్తూ చాయ్ ఇచ్చేవాడు.

అసలు సంగతి రెండువేల పదకొండు సెప్టెంబరు చివర జరిగింది. ఓడ ఇనుప చుట్టలు దింపడానికి యూరప్‌లో ఒక రేవుకు వెళ్లింది. దాని పేరు పలకబోతే యాదగిరి నాలుక ఇప్పటికీ మడతపడుతుంది. రేవు గోడను ఆనుకొనే చిన్న చిన్న ఇళ్లు, ఇళ్ల వెనక పెరళ్లు, పెరళ్లలో ఆరేసిన బట్టలు. ఓడ కట్టేశారు. పెద్ద ఇంజను ఆగింది. కరెంటు కోసం చిన్న ఇంజన్లు నడవాలి కదా, వాటిని శుభ్రమైన నూనెకు మార్చాలి. సెకండ్ సాబ్, అంటే ఇంజన్ గదిలో పెత్తనం చేసే రెండో ఇంజనీరు, మార్చవద్దన్నాడు.

"మంచి నూనె ఖరీదు. ఎవడొచ్చి చూస్తాడు? మడ్డి మీదనే నడవనీ" అన్నాడు.

అంతకుముందు రేవుల్లోనూ అదే వరస. యాదగిరి అప్పుడు ఏమీ అనలేదు. కానీ మర్నాడు పొగగొట్టం మీదికి ఎక్కించారు, రంగు పెచ్చులు గీకడానికి. పైకెక్కి కేక వేయడానికి కిందికి వంగాడు. గోడ అవతల ఒక ముసలామె కనిపించింది. తెల్ల దుప్పటి తీగ మీంచి తీసి, రెండు చేతులా పరిచి పట్టుకొని ఓడవైపు చూపిస్తోంది. దుప్పటి నిండా నల్లచుక్కలు. ఆమె అరవడం లేదు, తిట్టడం లేదు. ఊరికే పట్టుకొని నిలబడింది. సిరిసిల్లలో సాయవ్వ కూర్చున్నట్టే.

యాదగిరి ఆ పూట గొట్టం గీకకుండానే దిగాడు. నేరుగా ఇంజన్ గదికి పోయి సెకండ్ సాబ్‌తో తనకొచ్చిన దుబాయి హిందీలో చెప్పాడు, కింద మనుషులున్నారు సాబ్, నూనె మార్చండి అని. సెకండ్ సాబ్ నవ్వాడు. "నువ్వు తేల్‌వాలావా, మంత్రివా? సాయంత్రం ట్యాంకు అయిపోతుంది, రెండో మడ్డి ట్యాంకు వాల్వు తిప్పు" అన్నాడు. యాదగిరి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తిప్పనన్నాడు. సెకండ్ సాబ్ మళ్లీ నవ్వి, తనే తిప్పేసుకున్నాడు. ఒక్కడి చేయి ఆగితే ఓడ ఆగుతుందా?

తల కొట్టేసినట్టయింది. సెలవు పూట రేవు బయటికి పోయి, కార్డు కొని, ఇంటికి ఫోను చేశాడు. అవతలి నుంచి భాగ్య గొంతు కంటే ముందు డప్పులు వినిపించాయి.

"ఏందే గా లొల్లి?"

"లొల్లి కాదు, సమ్మె. సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, బడుల్లేవు. సింగరేణోల్లు బొగ్గు తవ్వుడు బంజేసిండ్రు, కరెంటు సక్కగ లేదు. మేము గూడ బీడీలు పక్కకువెట్టి రోడ్డు మీద కూసున్నం. తెలంగాణ ఇచ్చేదాంక లేసుడు లేదు."

"మరి తిండి?"

"రోడ్డు మీదనే. మూడు రాళ్లు వెట్టుడు, పొయ్యి ముట్టిచ్చుడు, వండుకొని అందరం కలిసి తినుడు. వంటావార్పు."

"వండుకొని తింటె సర్కారు దిగొస్తదా?"

"దిగొచ్చుడు తర్వాత. ముందుగాల సూస్తది గద! ఇంట్ల ఇన్నేండ్లు వండితి, ఎవడన్న నా పొయ్యి దిక్కు సూసిండా? రోడ్డు మీద వెట్టంగనే పెద్ద పెద్ద సార్లు జీపులేసుకొని ఉరికొస్తున్నరు. కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. పోలీసోల్లకు గూడ విస్తరేసి పెడ్తున్నం. గదే పద్ధతి."

యాదగిరి ముసలామె దుప్పటి సంగతి చెప్పాడు. వాల్వు సంగతి చెప్పాడు. "నేనొక్కన్నే ఏంజేస్త?" అన్నాడు.

"ఒక్కనివైతె ఒక్క పొయ్యే వెట్టు. ఎవలద్దన్నరు?" అని భాగ్య పకపకా నవ్వింది. డప్పులు దగ్గరికొచ్చాయి, లైను తెగిపోయింది.

భాగ్య నవ్వులాటకే అంది. యాదగిరి నిజమే అనుకున్నాడు. ఓడ మీద ఎవడైనా దేనికి భయపడతాడంటే తుఫానుకు కాదు, నిప్పుకు. అగ్గిపెట్టె గీయడానికి కూడా చోటు చెప్పి ఉంటుంది. డెక్కు మీద పొయ్యి ముట్టించాలన్న ఆలోచన లోకంలోని ఏ ఓడ మనిషికీ రాదు. కోరుట్ల మనిషికే వస్తుంది, అదీ ఆ నెలలోనే వస్తుంది.

మర్నాడు పొద్దున యాదగిరి పనిలోకి దిగలేదు. ఓడ వెనకవైపు ఖాళీ డెక్కు మీద ఇనుప రేకు పరిచాడు. బాయిలరు కోసం తెచ్చిన కాల్పు ఇటుకలు మూడు తెచ్చి పొయ్యిలా పేర్చాడు. పక్కన ఇసుక బకెట్టు, నీళ్ల గొట్టం పెట్టుకున్నాడు, మరీ తెలివితక్కువవాడు కాదు. విరిగిన చెక్కపెట్టె పుల్లలు ముట్టించాడు. భండారీ దగ్గర అడిగి తెచ్చిన బియ్యం ఎసట్లో పోశాడు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి పచ్చిపులుసు కలిపాడు. ఎండుమిరపకాయలు పోపులో వేసేసరికి, ఆ ఘాటుకు డెక్కు మీద ఉన్నవాళ్లందరూ దగ్గుకుంటూ వచ్చి చుట్టూ చేరారు. ఏంటిదని అడిగితే, ఇంజను నూనె మార్చేదాకా నా తిండి ఇక్కడే, మా ఊళ్లో సమ్మె ఇట్లనే చేస్తారని చెప్పాడు. భండారీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత లోపలికి పోయి తన ప్లేటు తెచ్చుకొని యాదగిరి పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. వంటవాడే బయట తింటానంటే ఇక లోపల ఎవరు వండుతారు? ఒక్కొక్కరే ప్లేట్లతో వచ్చి కూర్చోసాగారు. తీన్ సాబ్ కూర్చోలేదు గాని, వెళ్లిపోనూ లేదు.

అన్నం సగం ఉడికిందో లేదో, రేవులో సైరన్ మోగింది. ఓడ మీద పొగ లేస్తోందని ఎవరో చూసి ఫోను చేశారు. ఎర్రబండి ఒకటి, దాని వెనక రేవు అధికారుల కారు ఒకటి పరుగున వచ్చాయి. టోపీలు పెట్టుకున్నవాళ్లు మెట్లెక్కి వచ్చి చూస్తే ఏముంది? మూడు ఇటుకలు, ఒక గిన్నె, చుట్టూ పంక్తి భోజనం.

కెప్టెన్ మొహం మాడిపోయింది. సెకండ్ సాబ్ పళ్లు కొరికాడు. యాదగిరికి మాత్రం భాగ్య మాటే గుర్తుంది: వచ్చినవాళ్లకు కూడా పెట్టాలి, అదే పద్ధతి. ఒక ప్లేటులో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి, అందరికంటే పెద్ద టోపీ ఉన్న అధికారి ముందుకు చాచాడు. ఆయన తెల్లబోయి అందుకున్నాడు. అప్పుడు యాదగిరి చేతిలోని గంటెను ముందు తన పొయ్యి నుంచి లేస్తున్న సన్నని పొగ వైపు చూపించాడు. తర్వాత నెమ్మదిగా పైకెత్తి, ఓడ గొట్టంలోంచి గోడ అవతలి ఇళ్ల మీదికి దుప్పటిలా పరుచుకుంటున్న నల్లటి పొగ వైపు చూపించాడు. ఈ పొగ కనిపించి ఇంత దూరం పరుగెత్తుకొచ్చారే, ఆ పొగ కనిపించలేదా?

గంటెకు ఏ భాషా అక్కర్లేదు. ఆ అధికారి తల ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. ప్లేటు జాగ్రత్తగా కింద పెట్టి, ఇంజన్ గదిలోకి దిగాడు. పైకి వచ్చేటప్పుడు అతని చేతిలో సీసా ఉంది, సీసాలో నల్లటి మడ్డి ఉంది.

ఓడను రేవులోనే ఆపేశారు. ఆ సాయంత్రమే ఇంజన్లు శుభ్రమైన నూనెకు మారాయి. పొగ పలచబడి, గొట్టం వెనక ఆకాశం కనిపించింది. దాన్ని చూసి యాదగిరికి ఛాతీ ఉబ్బింది. సంతోషం అట్లాగే ఉండగానే కెప్టెన్ పిలిచి, ఓడ మీద నిప్పు పెట్టినందుకు ఉద్యోగం లేదని, సామాను సర్దుకోమని చెప్పాడు. సామాను ఎంతని? సూట్‌కేసు, మోకు.

హైదరాబాదులో దిగేసరికి సమ్మె ఇంకా సాగుతూనే ఉంది. బస్సు లేదు. మక్కజొన్నల లారీ పట్టుకొని జగిత్యాల, అక్కడి నుంచి ఆటోల మీద ఆటోలు మారి కోరుట్ల చేరాడు. ఊరి మొదట్లో రోడ్డు నిండా జనం. మధ్యలో పొయ్యిలు. ఒక పొయ్యి దగ్గర కొంగు బిగించి, గంటె తిప్పుతూ భాగ్య. మొగుణ్ని చూసింది, సూట్‌కేసు చూసింది, భుజాన మోకు చూసింది.

"గిప్పుడే అచ్చినవేంది?"

"పొయ్యి వెట్టిన" అన్నాడు యాదగిరి.

భాగ్య చేతిలో గంటె ఆగింది. నవ్వులాటకు తానన్న మాట ఎంత దూరం పోయిందో ఆమెకు అర్థమైంది. విస్తరి వేసి అన్నం పెట్టింది. ఆనాడూ ఏమీ అనలేదు, మర్నాడూ ఏమీ అనలేదు. కప్పు లేని ఇంటి గోడల మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తుంటే, వాటి కింద కూర్చొని బీడీ ఆకులు కత్తిరించింది. కత్తెర ఒక్కటే మాట్లాడింది. యాదగిరికి సాయవ్వ గుర్తొచ్చింది. వాడకట్టులో మాత్రం నోళ్లు ఊరుకోలేదు. గల్ఫ్ పోయి వాపసు వచ్చినవాళ్లను చూశాం గాని, అన్నం వండి కొలువు పోగొట్టుకున్నవాణ్ని ఇప్పుడే చూస్తున్నామని ఒకరికొకరు చెప్పుకొని నవ్వారు.

ఆ నవ్వులు ఆరకముందే జగిత్యాల నుంచి రవీందర్ మోటారుసైకిలు మీద వచ్చాడు. యాదగిరిని గల్ఫ్‌కు పంపిన ఏజెంటు అతనే. మాటకు ముందు నవ్వు, మాటకు తర్వాత నవ్వు.

"అన్నా, నీ కొలువు యాడికి పోలే. కంపెనీ సారు నాకు ఫోన్ జేసిండు. ఎల్లుండి గా రేవోల్లు నీకు ఫోన్ జేస్తరు, ఏమైందని అడుగుతరు. కంపెనీ ఏమంటున్నదంటె, నూనె మార్చంగ గొట్టంల ఇంత మడ్డి మిగిలింది, గంతే అంటున్నది. నువ్వు గూడ గట్లనే అను. పొయ్యి వెట్టుడు నా తప్పు, పొగ సంగతి నాకు తెల్వదు, ముంగటి రేవుల్ల గిట్ల జరగలేదు అను. గీ ఒక్క మాట చాలు. ఇంకో ఓడల ఇంకా మంచి పని, ఏడాది తిరిగేసరికి ఇల్లు పూర్తి."

యాదగిరి ఇంటి చువ్వల వైపు చూశాడు. అమృత లెక్కల పుస్తకం ముందు పెట్టుకొని వింటోంది. వద్దని అనలేకపోయాడు, సరేననీ అనలేకపోయాడు. "ఎల్లుండి సూద్దాం" అన్నాడు.

ఎల్లుండి వచ్చింది. వంటావార్పు మళ్లీ పెద్దయెత్తున సాగుతోంది. ఎవరో పాట అందుకున్నారు, ఎవరో కూరగాయలు తరుగుతున్నారు. యాదగిరి కట్టెలు చీలుస్తున్నాడు. రవీందర్ వచ్చి అతని పక్కన చతికిలబడి, ఫోను సమయం అవుతోందని గుర్తు చేశాడు. యాదగిరి నోరు విప్పకపోయేసరికి భాగ్య దగ్గరికి పోయాడు.

"చెల్లె, నువ్వన్న చెప్పు. నీ ఇంటి కప్పు నీ చేతుల్లున్నది. పొయ్యి వెట్టుడు తప్పయిందని ఒక్క మాట అంటె ఏం పోతది?"

భాగ్య గంటె గిన్నె మీద ఆనించింది. రోజుల తరబడి మూసుకున్న నోరు తెరుచుకుంది.

"ఏం పోతదా? అన్నా, ఆయనకు పొయ్యి వెట్టుమని చెప్పింది నేను. ఆయనకు వేరే ఎవలు నేర్పలే. గది తప్పయితె ఇగో, గీ రోడ్డు మీద కూసున్నోల్లందరిది తప్పే. నువ్వు ముందుగాల వీల్లందరిని తప్పయిందని అనిపిచ్చి ఇండ్లకు తోలు. ఆఖరుకు నా మొగడు అంటడు."

చుట్టూ పాట ఆగిపోయింది. తరిగే చేతులు ఆగిపోయాయి. తర్వాత ఎవరో పెద్దావిడ "గట్ల అడుగు బిడ్డా!" అని చప్పట్లు కొట్టింది, రోడ్డంతా అందుకుంది. రవీందర్ నవ్వబోయి, నవ్వు దొరక్క మోటారుసైకిలు వైపు చూశాడు.

భాగ్య మొగుడి వైపు తిరిగింది. "ఇన్నొద్దులు నీ మీద కోపమని అనుకున్నవా? నవ్వులాటకు అన్న నా నోరు నిన్ను ఇంటికి తెచ్చిందని నాకు నా మీదనే కోపం. గిప్పుడు జూస్తె, నా నోరు మంచిపనే జేసింది. ఫోను లేపు" అంది.

ఫోను నిజంగానే మోగుతోంది. అవతల ఆ రేవు అధికారి, అతని పక్కన హిందీలో తర్జుమా చేసే మనిషి. యాదగిరి నిలబడి, కట్టెల గొడ్డలి కింద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఏ రేవులో నూనె మార్చలేదో చెప్పాడు. వాల్వు తిప్పమన్నది ఎవరో, తిప్పింది ఎవరో చెప్పాడు. డెక్కు మీద నిప్పు ముట్టించడం ప్రమాదమేనని, అది తన తప్పేనని కూడా ఒప్పుకున్నాడు. పొగ మాత్రం నా తప్పు కాదన్నాడు. మళ్లీ ఓడలో పని దొరకదేమో, తెలిసే చెబుతున్నావా అని అడిగారు. తెలుసన్నాడు. చివరికి, నువ్వేమైనా అడుగుతావా అన్నారు.

యాదగిరి అడిగాడు.

"గోడ అవతల ఒక ముసలమ్మ ఉంటుంది. ఆమె దుప్పట్లు ఇప్పుడు తెల్లగా ఆరుతున్నాయా?"

తర్జుమా మనిషి ఆ ప్రశ్నను ఇంకోసారి అడిగించుకున్నాడు. అవతల ఏదో మాట్లాడుకోవడం వినిపించింది. తర్వాత, అధికారి ఈ సాయంత్రమే పోయి చూస్తాడట అని చెప్పాడు.

అంతే కథ. కొలువు పోయింది, రాలేదు. ఇంటికి సిమెంటు కప్పు బదులు రేకులు పడ్డాయి. వానకాలం వాటి మీద చినుకుల మోతకు టీవీ వినపడదని అమృత సణుగుతుంది. రెండేళ్లు పోయాక, కోరుట్ల శివారులో బావమరిది వంతు చెట్లు యాదగిరే గీస్తున్న రోజుల్లో, చెట్టు తల మీద ఉండగా జేబులో ఫోను మోగింది. రత్నగిరి భండారీ. అదే ఓడ, అదే రేవు. కంపెనీకి గట్టి జరిమానా పడిందట. ఇప్పుడు తాళ్లు కట్టగానే సెకండ్ సాబ్ స్వయంగా దిగి నూనె మారుస్తున్నాడట. గోడ అవతల పెరట్లో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి యాదగిరీ, అన్నీ తెల్లగా ఉన్నాయి అన్నాడు ముసలాయన.

యాదగిరి మోకు మీద ఆనుకొని దూరంగా చూశాడు. అంత ఎత్తు నుంచి చూస్తే కోరుట్ల పొలాలు తప్ప మరేమీ కనిపించవు. అతనికి మాత్రం సముద్రం దాకా కనిపించింది. తర్వాత కత్తి తీసుకొని, కిందికి వంగి కేక వేశాడు.

"కిందెవలున్నరు? జరుగుండ్రి!"

"నేనున్న. సద్ది తెచ్చిన, దిగు" అంది కింది నుంచి భాగ్య.